గోల్‌బజార్ గోడల్లో చెదలు

ఖరగ్‌పూర్ మట్టి ఎర్ర మొరం మట్టి. వేసవిలో గునపంతో పొడిచినా పెచ్చు లేవదు. మొదటి పెద్ద వాన కురిసిన సాయంత్రం మాత్రం ఆ నేల ఎక్కడికక్కడ చిన్న చిన్న కంతలు తెరుస్తుంది. వాటిలోంచి ఉసుళ్ళు లేచి వీధి దీపాలను కమ్మేస్తాయి. రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన పిల్లలకు అదొక వేడుక. పళ్ళెంలో నీళ్ళు పోసి దీపం కింద పెట్టి, రెక్కలూడి పడే ఉసుళ్ళను చూస్తూ కూర్చునేవాళ్ళం. అవి పెళ్ళికి బయల్దేరిన చెదలేనని, జంటగా దిగిన చోట తడి మట్టి దొరికితే కొత్త సంసారం మొదలుపెడతాయని అప్పుడు మాకెవరూ చెప్పలేదు.

మా తాతయ్య టెక్కలి దగ్గరి పల్లె నుంచి ఇక్కడికి వచ్చాడు. ఈస్ట్ కోస్ట్ రైల్వేలో ఉత్తరపు భాగం 1902లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే చేతికి వచ్చింది. దాంతో వాల్తేరు నుంచి ఖరగ్‌పూర్ దాకా ఒకే కంపెనీ రైలు అయింది. ఆ రైలెక్కి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు పల్లెల నుంచి వేల కుటుంబాలు వర్క్‌షాపు పనికీ, లైను పనికీ వచ్చి ఇక్కడే ఉండిపోయాయి. తాతయ్య తర్వాత నాన్న అదే వర్క్‌షాపులో క్యారేజ్ షాపు వడ్రంగి అయ్యాడు. ఆ తర్వాత నేనూ అక్కడే చేరాను. గోల్‌బజార్‌కు ఆనుకుని ఉన్న లైనులో మా క్వార్టరు. మందపాటి ఇటుక గోడలు, శాల్ చెక్క ద్వారబంధాలు, ముందు గదిలో గోడలోకి కట్టిన పెద్ద గూడు, ఆ గూటికి చెక్క అరలు. శాల్ చెట్టంటే మన వైపు గుగ్గిలం చెట్టు.

ఆ గూడు మా ఇంటి గ్రంథాలయం. అమ్మ ఏళ్ళ తరబడి దాచుకున్న చందమామలు, ఆంధ్రపత్రిక వారపత్రికలు, నాన్న సెలవులకు ఊరెళ్ళినప్పుడల్లా కొని తెచ్చిన నవలలు అందులో ఉండేవి. దాని కింద నేల మీద ఒక ట్రంకు పెట్టె. తాతయ్య ఉద్యోగం కాగితాలు, ఊళ్ళోని పొలం దస్తావేజులు, మనియార్డరు రసీదులు, ఇంటి నుంచి వచ్చిన ఉత్తరాలు అందులో ఉండేవి. వి.వి.గిరి గారు బి.ఎన్.ఆర్. కార్మికులకు నాయకత్వం వహించిన రోజుల నాటి సంఘం చందా రసీదులు, 1927లో ఖరగ్‌పూర్‌లో జరిగిన సమ్మె గురించి తాతయ్య తన చేత్తో రాసుకున్న ఒక చిన్న పుస్తకం కూడా అందులోనే ఉండేవి. చదువు అంతగా లేని మనిషి, పొల్లులూ దీర్ఘాలూ తప్పుతూ, చూసింది చూసినట్టు రాసుకున్న పుస్తకం అది.

1978 సెప్టెంబరు చివర్లో బెంగాల్ మీద ఆగకుండా వాన కురిసింది. కంసావతి పొంగింది. మేదినీపూర్ జిల్లాలో ఊళ్ళకు ఊళ్ళు నీట మునిగాయి. ఖరగ్‌పూర్ మెట్ట మీద ఉంది కనుక మా ఇళ్ళు మునగలేదు. కానీ గోడలు మనిషెత్తున చెమ్మ పట్టాయి. వంటింటి వెనక కాలువ పొంగి పునాది పక్కనే నీళ్ళు నిలిచిపోయాయి. చుట్టాల ఊళ్ళు ఎలా ఉన్నాయో, రైళ్ళు ఎప్పుడు నడుస్తాయో అన్న బెంగలో ఎవరూ గోడల సంగతి పట్టించుకోలేదు.

దుర్గాపూజ వెళ్ళాక దీపావళికి ఇల్లు దులపడం మొదలుపెట్టాం. అమ్మ గూట్లోంచి ఒక చందమామ కట్ట తీయబోయింది. అట్టలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. కట్ట చేతికి రాగానే అమ్మ ముఖం మారిపోయింది, బరువే లేదు. విప్పి చూస్తే లోపల పుటలకు బదులు ఎర్రమట్టి, ఆ మట్టిలో కదులుతున్న తెల్లటి పురుగులు. వెనక అరలన్నీ అంతే. నాన్న వచ్చి ద్వారబంధం అడుగున బొటనవేలితో నొక్కాడు. పైన రంగు వేసిన పొర అప్పడంలా విరిగింది. వేలు లోపలికి దిగిపోయింది.

ట్రంకు పెట్టె తెరిచే ధైర్యం కాసేపటిదాకా ఎవరికీ రాలేదు. నేల చెమ్మకు పెట్టె అడుగు తుప్పుపట్టి కంత పడింది. ఆ కంతలోంచి మట్టి దారి ఒకటి పైకి వచ్చింది. దస్తావేజులు పై అరలో ఉండడంతో అంచులే పోయాయి. అడుగున ఉన్న రసీదుల కట్టలు ముద్దలై ఉన్నాయి. తాతయ్య పుస్తకాన్ని మధ్యలోంచి తినేశాయి. ప్రతి పుటకూ చుట్టూ అంచు మిగిలింది. నాన్న అంతకు ముందు ఏడవగా నేను చూడలేదు.

ఆ సాయంత్రం లైనులోని వాళ్ళందరూ మా ఇంటికి చేరారు. గోల్‌బజార్ వీధిలో ఒకరింటి కష్టం మిగిలిన వాళ్ళకు పట్టకుండా ఉండదు. ఒకరు కిరసనాయిలు పోయమన్నారు. ఒకరు ఉప్పు, పసుపు కలిపి గోడ వారన చల్లమన్నారు. వర్క్‌షాపులో వాడి పారేసిన ఇంజను ఆయిలు పూస్తే దగ్గరికి రావని ఇంకొకరన్నారు. చాలామంది మాట గమాక్సిన్ పొడి. అప్పట్లో గోల్‌బజార్‌లో ఏ కిరాణా కొట్లో అడిగినా పొట్లం కట్టి ఇచ్చేవారు. పక్క క్వార్టరు బెంగాలీ ఆయన నాన్నను దాదా అని పిలిచేవాడు, అమ్మను బౌది అనేవాడు. ఆయన అందరికంటే గట్టిగా ఒకటే మాట అన్నాడు. లైను చివర వేపచెట్టు కింద పుట్ట ఉంది. దాన్ని తవ్వి రాణిని చంపితే గాని ఉయి పోకా, అంటే చెదలు, పోవు అని.

ఆ మాటతో గొడవ మొదలైంది. దీపావళి వెళ్ళిన నాలుగో రోజే నాగుల చవితి. మా లైనులోని ఆడవాళ్ళంతా ఆవుపాలు, చలిమిడి, చిమ్మిలి పట్టుకుని తెల్లవారకుండానే వెళ్ళేది ఆ పుట్ట దగ్గరికే. ఊరు వదిలి వచ్చినా పుట్టలో పాలు పోయడం మానని వాళ్ళు వాళ్ళు. పొరుగింటి ముసలమ్మ గుమ్మంలో కూర్చుని గట్టిగా అంది:

"ఆ పుట్ట జోలికెల్లకండి బాబూ. మా అత్త పాలు పోసింది, నేను పోసినాను, నా కోడలు పోస్తంది. దాన్ని తవ్వేస్తే సవితికి ఎక్కడికెల్తాం?"

నాన్న ఆవిడ ముందు కూర్చున్నాడు. "ఎవులూ తవ్వరే అమ్మా. మనింట్లోకి ఎలగొస్తన్నాయో ముందు అది సూడాల. పుట్ట సంగతి తరవాత."

తర్వాతి రోజుల్లో నాన్న చేసిన పని నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. డ్యూటీ నుంచి రాగానే టార్చిలైటు, స్క్రూడ్రైవరు పట్టుకుని గోడ వారన వంగి నడిచేవాడు. లైటు నాకిచ్చి పట్టుకోమనేవాడు. గోడ మీద వేలెడు వెడల్పున మట్టి దారులు కనిపించాయి. చెదలకు ఒంటి మీద గట్టి పెంకు ఉండదు. ఎండ, గాలి తగిలితే ఎండిపోతాయి. పనిచేసే పురుగులకు కళ్ళు కూడా ఉండవు. అందుకే ఎక్కడికి పోవాలన్నా మట్టి, ఉమ్మి కలిపి గొట్టం కట్టుకుని దానిలోనే నడుస్తాయి. నాన్న ఒక్కో గొట్టాన్నీ మధ్యలో రెండంగుళాల మేర గీకి వదిలేసేవాడు. మర్నాడు చూసేవాడు. మళ్ళీ కట్టుకుంటే ఆ దారి బతికి ఉన్నట్టు. అలాగే ఉండిపోతే అది పాత దారి. బతికిన దారులకు గోడ మీద సుద్దముక్కతో గుర్తు పెట్టాడు.

గుర్తులన్నీ కలిపి చూస్తే అవి ఒకే చోటికి పోతున్నాయి. వంటింటి కాలువ గోడను తాకే మూల అది. అక్కడ నీళ్ళు ఎప్పుడూ ఇంకుతూ ఉంటాయి. దాని పక్కనే గోడకు ఆనించి మేము కట్టెలు పేర్చేవాళ్ళం, మామిడి చెక్క పెట్టెలు విరగ్గొట్టి పొయ్యికి దాచేవాళ్ళం. ఆ గుట్ట తీస్తే కింద నేలంతా కదిలింది. అదే మూలలో మెట్టుగా వేసుకున్న పాత రైలు పట్టాల స్లీపరు మాత్రం ముట్టుకోకుండా ఉంది. నాన్న నన్ను పిలిచి రెండూ చూపించాడు. ఆ స్లీపరు శాల్ చేవతో చేసింది. చెదలకు చేవ గిట్టదు. టేకులో కూడా చేవ భాగాన్ని అవి సులువుగా తినలేవు. బయటి తెల్లచెక్కను మాత్రం ఏ చెట్టుదైనా తినేస్తాయి. మా ద్వారబంధం శాల్ చెక్కే అయినా, లోపలికి తిన్నది తెల్లచెక్క ఉన్న వైపే. మామిడి, బూరుగు లాంటి మెత్తని చెక్కల్లో చెదలను తట్టుకునే చేవ ఉండదు. టేకు రైలు పెట్టెలు మరమ్మతు చేస్తూ బతికిన మనిషి కనుక ఆయనకు చెక్క గుణం చేతివేళ్ళకు తెలుసు.

దారులు పుట్ట వైపు పోలేదు. ఇది నేను ఆ తర్వాత చదువుకుని ఇంకా బాగా అర్థం చేసుకున్నాను. చీమలు పుట్టలు పెడతాయని మన వాళ్ళు అంటారు గాని పుట్ట కట్టేవి చెదలే. మన దేశంలో పొలాల గట్ల మీద, చెట్ల కింద కనిపించే పెద్ద పుట్టలు ఎక్కువగా ఓడాంటోటెర్మిస్ జాతివి. వాటి లోపల గదులుంటాయి. తెచ్చిన ఆకు, కర్ర నమిలి ఆ గదుల్లో బూజు తోట పెంచుకుంటాయి. పూజ రోజుల్లో అడవి పల్లెల నుంచి సంతాల్ ఆడవాళ్ళు బుట్టల్లో తెచ్చి దుర్గా ఛాతు పేరుతో అమ్మే పుట్టగొడుగులు ఆ తోటలోంచి పైకి వచ్చినవే. మధ్య గదిలో రాజు, వేలంత పొడవున ఉబ్బిన రాణి ఉంటాయి. ఆ రాణి రోజుకు వేల గుడ్లు పెడుతుంది. ఈ జాతి కూడా ఇళ్ళలోకి వస్తుంది. కానీ ఇళ్ళను లోపల్లోపల కొరికి కూల్చే కాప్టోటెర్మిస్, హెటెరోటెర్మిస్ లాంటి జాతులు మన దగ్గర పైకి కనిపించే పుట్ట కట్టవు. నేల కింద, చెమ్మ గోడల్లో, పాత మొద్దుల్లో కాపురం ఉంటాయి. కనిపించే పుట్టను తవ్వినంత మాత్రాన కనిపించని గూడు పోదు. ఆ ఏడు నాగుల చవితికి మా లైను ఆడవాళ్ళంతా ఎప్పటిలాగే ఆ పుట్టలో పాలు పోశారు. అమ్మ కూడా వెళ్ళింది.

ఇంట్లో చెదలను ఆపే పని అంతకు ముందే మొదలైంది. మందు చివరి మెట్టు అని నాన్న అనేవాడు. మొదట కాలువను గోడకు దూరంగా తిప్పి, మూలలో సిమెంటు వేశారు. గోడను ఆనుకున్న కట్టెలు, పెట్టెలు, విరిగిన కుర్చీ అన్నీ తీసేసి నాలుగడుగుల దూరంలో ఇటుకల మీద పేర్చారు. గూట్లోని చెక్క అరలు పీకేసి, రాతి పలకలు పెట్టారు. ద్వారబంధం తిన్న మేరకు కోసి, చేవ ఉన్న టేకు ముక్క అతికించారు. ఇల్లు వారం పది రోజులు కిటికీలన్నీ తెరిచి ఆరబెట్టారు. బొగ్గు కుంపటి ముందు గదిలోకి మార్చి చెమ్మ లాగించారు.

ఆ తర్వాత మందు. ఆ రోజుల్లో కట్టడాలకు చెద మందు అంటే ఆల్డ్రిన్. నాన్న స్నేహితుడొకడు కట్టడాల పనిలో ఉండేవాడు. భారతీయ ప్రమాణాల సంస్థ చెద నివారణకు 6313 నంబరుతో ఒక పద్ధతి ప్రచురించిందని, ఆల్డ్రిన్‌ను నీటిలో 0.5 శాతానికి కలపాలని ఆయనే చెప్పాడు. గోడ బయటి వైపు పునాది వెంట కాలువ తవ్వారు. దాని అడుగున ఇనప చువ్వతో జానెడు దూరానికొకటి చొప్పున అడుగు లోతు కంతలు పొడిచి మందు పోశారు. మట్టి కప్పుతూ మళ్ళీ పోశారు. ద్వారబంధం గోడను తాకే చోట బర్మాతో ఏటవాలుగా, కిందికి దిగేలా సన్నని కంతలు వేసి, కిరసనాయిలులో కలిపిన మందు చుక్కలు చుక్కలుగా దింపారు. నాన్న ముక్కుకు గమ్చా కట్టుకున్నాడు. పక్క లైను బావి వైపు ఒక్క చుక్క పోనివ్వలేదు. మమ్మల్ని రెండు రోజులు పొరుగింట్లో పడుకోబెట్టాడు. ఆ ఘాటు వాసన వారాలపాటు గోడలో ఉంది.

ఎవరెవరో చెప్పిన చిట్కాలు ఎందుకు నిలవలేదో ఆ పనిలో కళ్ళారా చూశాను. కిరసనాయిలు తగిలిన పురుగు చస్తుంది. నూనె ఆవిరి కాగానే మిగిలినవి పక్కనుంచి కొత్త గొట్టం కట్టుకుంటాయి. గోడ పైన చల్లిన పొడి గోడ లోపలి పురుగుకు అందదు. తారు పూస్తే పై దారి మూసుకుపోతుంది, లోపల తినడం ఆగదు. పైగా తిన్నట్టు మనకు కనిపించదు. వేపాకు పుస్తకాల మధ్య పెడితే కొన్ని పురుగులు దూరంగా ఉంటాయి గాని నేలలోంచి వచ్చే చెదను అది ఆపలేదు. నేలకూ ఇంటికీ మధ్య దారి తెంపాలి. అది తెంపకుండా చేసే ఏ పనైనా కొద్ది రోజుల ఊరట.

మిగిలిన కాగితాల పని అమ్మ, నేను చేశాం. నీడలో దుప్పటి పరిచి ఒక్కో పుట విడదీశాం. షేవింగు బ్రష్షుతో మట్టి దులిపాం. తాతయ్య పుస్తకంలో అంచుల మీద మిగిలిన మాటలను నాన్న నా చేత ఒక నోటుపుస్తకంలో రాయించాడు. వాక్యం ఎక్కడ తెగిపోయిందో అక్కడ గీత గీయమన్నాడు, ఊహించి నింపొద్దన్నాడు. షెడ్డులో ఎవరు ఏమన్నారో, ఏ రాత్రి పోలీసులు లైన్లలోకి వచ్చారో, ఎవరింట్లో బియ్యం అయిపోతే ఎవరు ఇచ్చారో, సగం సగం మాటల్లో ఉంది. ఖరగ్‌పూర్ తెలుగు కూలీ తన కళ్ళతో చూసి రాసిన ఆ సమ్మె కథలో మాకు మిగిలింది ఆ అంచులే. పోయిన భాగం ఇక ఎక్కడా దొరకదు. ఆ నష్టానికి ద్వారబంధం, అరలు సాటి రావు.

మా ఇంట్లో వాడిన ఆల్డ్రిన్ గురించి ఒక మాట చెప్పాలి. అది మట్టిలో చేరాక డీల్డ్రిన్‌గా మారుతుంది. ఏళ్ళ తరబడి పోదు. నీళ్ళలో కరగదు గాని కొవ్వులో చేరుతుంది, ఒక ప్రాణి నుంచి ఇంకో ప్రాణికి పోతుంది. రేచల్ కార్సన్ 1962లోనే సైలెంట్ స్ప్రింగ్ పుస్తకంలో ఈ మందుల గురించి ప్రపంచాన్ని హెచ్చరించింది. ఆల్డ్రిన్, క్లోర్డేన్, హెప్టాక్లోర్‌లను మన దేశం 1996లో నిషేధించింది. మన వాళ్ళు గమాక్సిన్ అని వాడిన బి.హెచ్.సి.ని 1997లో నిషేధించింది. ఆ తర్వాత ప్రపంచంలో చాలా దేశాలు కలిసి స్టాక్‌హోమ్ ఒప్పందం కింద ఇలాంటి మందులను పక్కన పెట్టాయి. ఈ రోజు కూడా మన పాత ఇళ్ళ అటకల మీద ఎక్కడో ఒక డబ్బాలో తెల్లపొడి ఉంటుంది. దాన్ని వాడొద్దు, పిల్లల చేతికి అందనివ్వొద్దు, కాలువలో పారబోయొద్దు. మునిసిపాలిటీ వాళ్ళనడిగి ప్రమాదకర చెత్త కిందే అప్పగించాలి.

నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో గోల్‌బజార్‌లోనే ఇంకో సంగతి చూశాను. మా చిన్ననాటి మిత్రుడికి బజారులో బట్టల కొట్టు. గోడలకు ప్లైవుడ్డు అరలు వేయించి, పైన మెరిసే సన్‌మైకా అతికించాడు. కొన్నాళ్ళకు ఒక అర పట్టు చీరల బరువుకు ఉన్నట్టుండి కుంగింది. పలక వెనక చూస్తే సన్‌మైకా పొర తప్ప లోపల చెక్క లేదు. ప్లైవుడ్డును గోడకు సందు లేకుండా బిగించారు. గోడకు వెనక మురుగు కాలువ. నా చిన్నప్పుడు మా వంటింటి మూలలో జరిగిందే అక్కడా జరిగింది.

ఈసారి మందు చల్లే మనుషులను పిలిపించారు. కొట్టు కట్టేశాక రాత్రి పని మొదలుపెట్టారు, నేను వాళ్ళతోనే ఉన్నాను. గోడ, నేల కలిసే చోట అడుగు దూరానికొకటి చొప్పున 12 మిల్లీమీటర్ల కంతలు వేశారు. ఒక్కో కంతలోకి చేతి పంపుతో మందు పోశారు. ఇంక పట్టదన్నంత వరకు, లేదా ఒక లీటరు దాకా. తర్వాత తెల్ల సిమెంటుతో కంత మూశారు. ఆ మందు ఇమిడాక్లోప్రిడ్. 30.5 శాతం ఉన్న సీసాలోంచి లీటరు నీటికి 2.1 మిల్లీలీటర్లు మాత్రమే కలిపారు. అంత పలచనిది ఏం చేస్తుందని మా వాడికి అనుమానం. పని చేయించే కుర్రాడు చక్కగా చెప్పాడు. పాత మందు తగిలిన పురుగు అక్కడే చచ్చేది, మిగిలినవి ఆ చోటు వదిలి పక్కకు పోయేవి. ఈ మందు ఉన్నట్టు పురుగుకు తెలియదు, వెంటనే చావదు కూడా. ఒంటికి పట్టించుకుని తిరిగి వెళ్తుంది, మిగిలిన వాటిని నాకుతుంది, వాటి చేత నాకించుకుంటుంది. అలా గూటిదాకా చేరుతుంది.

క్లోర్‌పైరిఫాస్ 20 శాతం మందు కూడా ఇప్పటికీ చాలామంది వాడుతున్నారు. లీటరు మందుకు 19 లీటర్ల నీళ్ళు కలిపితే 1 శాతం ద్రావణం వస్తుంది. కానీ దాని విషం నరాల మీద పనిచేస్తుంది, పసిపిల్లలకు మరీ ప్రమాదం. అమెరికాలో ఇళ్ళలో దాని వాడకాన్ని 2000 తర్వాత దాదాపు ఆపేశారు. 2025లో స్టాక్‌హోమ్ ఒప్పందం జాబితాలోకి, కొన్ని మినహాయింపులతో, అది కూడా చేరింది. పసిబిడ్డలు, గర్భిణులు ఉన్న ఇంట్లో దాన్ని వాడకపోవడమే మంచిది. ఏ మందైనా సరే చేతికి తొడుగు, ముక్కుకు మాస్కు లేకుండా ముట్టుకోకూడదు. బావికి, బోరుకు దగ్గర్లో నేలలోకి పోయకూడదు.

కొత్త ఇల్లు కట్టుకునే వాళ్ళకు పని సులువు. రిటైరయ్యాక మా వాళ్ళు చాలామంది మలంచ వైపు ఇళ్ళు కట్టుకున్నారు. నేనూ కట్టుకున్నాను. పునాది నింపిన మట్టి మీద, గచ్చు వేయకముందు, చదరపు మీటరుకు 5 లీటర్ల ద్రావణం పోయించాను. అంతకంటే ముఖ్యం, పునాదిలో సెంట్రింగు చెక్క ముక్క ఒక్కటి మిగలకుండా నా చేత్తో ఏరించాను. మేస్త్రీలు మర్చిపోయి వదిలేసే ఆ ముక్కే చెదలకు మొదటి భోజనం. ఇంటి చుట్టూ రెండడుగుల సిమెంటు చప్టా వేయించాను. పూల మొక్కలు గోడకు ఆనించలేదు. అల్మరాలు గోడకు రెండంగుళాలు ఎడంగా, కాళ్ళ మీద నిలబెట్టాను. వెనక చెయ్యి పెట్టి తడిమి చూసే వీలుండాలి. కాగితాలు నేల మీద పెట్టెలో ఉంచడం మానేశాను. ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందు ఒకసారి, దీపావళి దులుపుడులో ఒకసారి, టార్చి పట్టుకుని గోడ వారన ఇల్లంతా తిరుగుతాను. కొత్త గొట్టం కనిపిస్తే రెండంగుళాలు గీకి, మర్నాడు చూస్తాను.

చెదలు లేని ఖరగ్‌పూర్ ఉండదు. రాలిన ఆకును, పడిన చెట్టును తిని మట్టిలో కలిపేది అవే. అవి లేకపోతే ఈ మొరం నేల ఇంకా గొడ్డుబోతుంది. వాటిని భూమి మీద లేకుండా చెయ్యాలని మందు వెనక మందు పోసుకుంటూ పోతే నష్టపోయేది మన నీళ్ళు, మన పిల్లలు. వాటి చోట వాటిని ఉండనిచ్చి, మన గుమ్మం దాటి రాకుండా చూసుకోవడం మనిషి చేయగలిగిన పని, చేయాల్సిన పని కూడా. నాన్న ఆ వేపచెట్టు కింది పుట్టను కాపాడి, ఇంటినీ కాపాడి మాకు నేర్పింది ఇదే.

గోల్‌బజార్, నింపురా, మథురాకాటి, మలంచ, ఎక్కడున్నా ఖరగ్‌పూర్ తెలుగు కుటుంబాలకు నా మనవి ఒకటే. మీ తాతల ట్రంకు పెట్టె ఇంట్లో ఎక్కడో ఉండే ఉంటుంది. అందులో ఉద్యోగపు చీటీలు, సంఘం రసీదులు, ఊరి నుంచి వచ్చిన కార్డులు, పెళ్ళి శుభలేఖలు ఉంటాయి. మనం ఇక్కడికి ఎలా వచ్చామో, ఎలా బతికామో చెప్పే సాక్ష్యం వాటిలో తప్ప ఏ ఆఫీసు బీరువాలోనూ లేదు. ఈ ఆదివారమే ఆ పెట్టె తెరవండి. అడుగున చెయ్యి పెట్టి చూడండి. ప్రతి కాగితాన్నీ సెల్‌ఫోనుతో ఫొటో తీసి, పిల్లలకు పంపండి. కాగితాలను నేల నుంచి పైకి, గోడ నుంచి ఎడంగా, పొడి చోట పెట్టండి. చెదలు తిన్న కొయ్యకు బదులు ఇంకో కొయ్య దొరుకుతుంది, చెదలు తిన్న మాటకు బదులు దొరకదు.